నీలి వేలిముద్రలు పడిన పుట

మా పంతులుగారు కన్నుమూశారన్న వార్త పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం మిల్లులో, రంగుతొట్ల దగ్గర ఉండగా నాకు అందింది. మగ్గాల మేస్త్రి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని వచ్చి, "తమ్ముడా, పంతులయ్య పోయినాడంటరా. తెల్లారి లేపితే లేయలేదంట" అన్నాడు. నేను తడుపుతున్న నూలును తొట్టిలోనే వదిలి చేతులు కడుగుకొన్నాను. ఎంత కడిగినా నీలిమందు గోళ్ల సందుల నుండి పోదు. ఆ చేతులతోనే వారి పాదాలు తాకి వచ్చాను.

వారిని ఎరుగని పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉన్నది. వారు యానాం నుండి ఉద్యోగం మీద పుదుచ్చేరికి వచ్చినవారు. పగలు ఫ్రెంచి దొరల కచేరీలో కాగితాలకు నకళ్లు వ్రాసేవారు. సాయంకాలం మిల్లు కూత వేసిన తరువాత తమ ఇంటి అరుగుమీద మావంటి పనివాళ్లను కూర్చోబెట్టుకొని తెలుగు చదువు చెప్పేవారు. మా ఇళ్లలో తాతల నాటి నుండి తెలుగే మాట్లాడుతున్నాము. అయినా ఆ అక్షరం ఎట్లా ఉంటుందో మాలో చాలామందికి తెలియదు. నేను ముప్పై ఒకటవ ఏట పలక పట్టాను. అంతవరకు మిల్లు హాజరు పుస్తకంలో నా పేరు ఉండవలసిన చోట నా బొటనవేలి ముద్ర ఉండేది.

వారికి ముక్కుపొడుము అలవాటు. పుట తిప్పేముందు వేళ్లను పంచె అంచుకు తుడుచుకొనేవారు గాని, తుడిచినదాని కంటె మిగిలినదే ఎక్కువ. మేము తప్పు వ్రాస్తే కొట్టివేసేవారు కారు. ప్రక్కనే ఒప్పు వ్రాసి, "రెండూ చూసి నువ్వే ఏరుకోవోయ్" అనేవారు. తీరిక దొరికితే కూనిరాగం తీసేవారు. శ్రుతి ఏనాడూ కలిసినట్లు నాకు జ్ఞాపకం లేదు.

అక్షరాలు కూడబలుక్కొనే స్థితి దాటిన తరువాత వారు మా చేతుల్లో ఒక నవల పెట్టారు. దానికి అట్ట లేదు, మొదటి కొన్ని పుటలు లేవు. కనుక పేరు మాకు తెలియలేదు. నలభై దాటిన నెయ్యి వర్తకుడొకడు ఎదురింటి సంగీతపు పంతులమ్మను ప్రేమించి, ఆమె మెప్పుకోసం ఫిడేలు నేర్చుకోబోవడం అందులోని కథ. అతడు సాధన చేస్తే సొంత గేదెలే పలుపులు తెంపుకొని పోతాయి. ఉన్నది ఒక్కటే ప్రతి. ఒక్కొక్కరు వారం రోజులు ఇంట ఉంచుకొని, చదువురాని వారికెవరికైనా పైకి చదివి వినిపించాలి. తరువాత అరుగుమీదికి వచ్చి, తనకు ఏమి తోచిందో పలకమీద ఒక్క వాక్యంలో వ్రాయాలి. కథ వ్రాయరాదు. అది వారి నియమం.

ఒకరికి తోచినది మరొకరికి తోచలేదు. మేస్త్రి గేదెల ఘట్టం దగ్గర కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వానని వ్రాశాడు. భజన చేసే నూలు తూచేవాడు, సంగీతాన్ని ఎగతాళి చేయడం పాపమని వ్రాశాడు. మేస్త్రి తల్లి వయసు మళ్లిన మనిషి. కొడుకు చదివితే విని, మరునాడు తానే అరుగు దగ్గరికి వచ్చింది. "నవ్వేది ఏముంది సామీ అందులో? పాపం, ఆయప్పకు ఇంత కూడు పెట్టేవాళ్లు లేరే!" అన్నది. పంతులుగారు ఆమె మాటను కూడా పలకమీద వ్రాసి, మూడింటినీ ఒకే గొంతుతో చదివి, "పుస్తకం ఒకటే, ఇళ్లు వేరు. అన్నీ ఉండనీయండి" అన్నారు.

నా వంతు రాకముందే మేస్త్రి నాకు పేరు పెట్టాడు. "ఏం ఫిడేలు మామా! ముప్పై దాటినాక పలక పట్టినావే, కమాను యాడ దాచినావు?" అని రంగుతొట్ల దగ్గర అందరిముందూ అడిగాడు. అందరూ నవ్వారు. "సుమ్మా, ఊరికే అన్నాన్లేరా, కోపమేంది?" అని మేస్త్రి సర్దబోయినా నేను వినలేదు. వయసు మీరి నేర్చుకొనేవాణ్ణి వెక్కిరించడానికే పంతులుగారు ఆ పుస్తకం ఎంచుకొన్నారని నిశ్చయించుకొన్నాను. వంతు వచ్చినప్పుడు పుస్తకం తీసుకొన్నాను గాని, అరుగుమీదికి వెళ్లడం మానివేశాను. చదువు వచ్చినట్లు యోగ్యతాపత్రం ఇచ్చే పరీక్ష రెండు నెలల్లో ఉన్నది; అందులో నెగ్గితేనే మిల్లువారు హాజరు పుస్తకంలో సంతకం చేయనిస్తారు. మానితే మళ్లీ బొటనవేలే గతి అని తెలిసీ మానాను.

ఇంట్లో మాత్రం తలుపు దగ్గరగా వేసి చదివాను. నా భార్య ముద్ద కలుపుతూ కలుపుతూ నవ్వు ఆపుకోలేక చెంగు నోట కుక్కుకొనేది. చివరికి వచ్చేసరికి, వర్తకుడు వీధిలో ఆమె కిటికీ క్రింద ఫిడేలు వాయిస్తాడు. ఊరంతా విరగబడి నవ్వుతుంది. పంతులమ్మ దిగివస్తుంది. ఆమె నవ్వదు. ఫిడేలు తీసుకొని, వదులైన తంతిని బిగించి, తిరిగి అతని చేతికి ఇచ్చి, "ఇప్పుడు వాయించండి" అంటుంది. అక్కడ నా భార్య నవ్వడం మానింది. "ఇంకోసారి చదువయ్యా ఆడ" అన్నది. మూడు రోజులు ఆ పుటనే చదివించుకొన్నది.

మూడు వారాల తరువాత పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తీసుకువెళ్లి వారి ముందు పెట్టాను. "నేను తెరవలేదండి. నాకీ చదువు వద్దండి" అన్నాను. వారు మెల్లగా పుటలు తిప్పారు. చివరలో ఒకచోట కొంచెంసేపు ఆగారు. పుస్తకం మూసి మళ్లీ నా చేతికే ఇచ్చారు.

"తెరవలేదు కదా, ఇంకో వారం ఉంచుకోవోయ్. రేపు వచ్చేటప్పుడు పలక మరిచిపోకు" అన్నారు.

వీధి మలుపులో నిలబడి తెరిచి చూశాను. ప్రతి పుట మూలనా నా నీలి వేలిముద్రలే. తంతి బిగించిన పుటలో అక్షరాలు కూడా నీలమైనాయి. నా అబద్ధం ఆసాంతం వారి కళ్లముందే ఉన్నది. వారు దానిని మేస్త్రికిగాని మరొకరికిగాని ఏనాడూ చెప్పలేదు. నాకు కూడా గుర్తుచేయలేదు. మరునాడు పలక తీసుకొని వెళ్లి, "ఆమె నవ్వనందువల్ల నాకు నవ్వు వచ్చింది, కోపం పోయింది" అని వ్రాశాను. వారు చదివి, "నీ అక్షరం నిటారుగా నిలబడిందోయ్" అన్నారు. వారం గడిచాక పుస్తకాన్ని అదే గుడ్డలో చుట్టి వారికి తిరిగి ఇచ్చాను. ఆ ఏడే పరీక్షలో నెగ్గాను. హాజరు పుస్తకంలో సంతకం చేసిన నాడు వారు తమ కచేరీ నుండి గొడుగు వేసుకొని మిల్లు గేటు దాకా వచ్చి చూసి వెళ్లారు. నా యోగ్యతాపత్రం పటం కట్టి మా ఇంటి గోడకు ఉన్నది. దానిమీద వారి పేరు లేకపోవడం ఒక్కటే నాకు లోటు.

కర్మలు ముగిసిన నాడు వారి కుమార్తె గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి, "ఇది మీకే ఇవ్వాలన్నారు నాన్నగారు" అన్నది. చుట్టిన గుడ్డ పదిహేడేళ్ల క్రిందట నేను చుట్టినదే.

ఇంటికి తెచ్చి తెరిస్తే ఆ పుట దానంతట అదే విచ్చుకొన్నది. నా నీలం ఇప్పుడు కొంత వెలిసింది. వెలిసినచోట, దాని అడుగున, పొడుము రంగు ముద్రలు కనిపించాయి. ఒకటి కాదు, పదీ కాదు. నా చేయి పడటానికి ఎంతో ముందు నుండి, వారు ఆ పుటను తిరిగి తిరిగి చదివినప్పుడల్లా పడుతూ వచ్చినవి. ఆనాడు నా కోపంలో అవి నా కంటబడలేదు.

"చదువయ్యా" అన్నది నా భార్య. బొటనవేలు పుట మూలన ఆనించాను. అది సరిగా వారి వేలిముద్రమీదనే ఆనింది.