మిల్లు బావ గురికి నేను చేసిన మేలు

చోడి అంబలిలో, అంటే రాగి జావలో, ఏమేముంటాయో మా తోడల్లుడు వివరించి చెప్పిన దగ్గర్నుంచీ నాకది గొంతు దిగడం లేదు. ఇనుమట, పీచట, సున్నమట. అవన్నీ ఉన్నాయని తెలియక ముప్పయ్యేళ్లు హాయిగా తాగాను. ఇప్పుడు గ్లాసెత్తితే మేకులు మింగుతున్నట్టుంటుంది. పాపం, మేలు చేద్దామనే చెప్పాడు, కాదనను. నేనూ ఒకప్పుడు ఒకడికి ఇలాంటి మేలే చేశాను.

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం ఇంకా రెండు కాకముందు, మా వైపు చదువుకున్నవాడికి ఏ ఉద్యోగమూ రాకపోతే కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చేది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఫస్టు క్లాసు. కాబట్టి కానిస్టేబుల్‌నయ్యాను. విజయనగరం అవతల ఒక ట్రైనింగ్ సెంటర్లో మమ్మల్ని నెలల తరబడి పరిగెత్తించారు. అక్కడ నా పేరుతో ఎవరికీ పని పడలేదు, అందరూ ‘ఎమ్మెస్సీ’ అనేవారు (నేను ఎడమకాలు బదులు కుడికాలు ఎత్తినప్పుడు మరికాస్త గట్టిగా). నా పక్క మంచం మిల్లు బావది. వాళ్ల నాన్న నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుడు, అందుకని మిల్లు. బావ ఎందుకంటే, ఎవరు పిలిచినా పలికేవాడు కాబట్టి బావ. ఇంటర్మీడియట్‌ని మూడు దండయాత్రల్లో జయించాడు. కానీ చేతికి ఎస్సెల్లార్ ఇచ్చారంటే (ఒక గుండు పేలగానే తనంతట తనే రెండోది ఎక్కించుకునే రైఫిలు) అయిదు గుండ్లూ అరచేతంత మేర దాటేవి కావు. నావి జిల్లా అంతా తిరిగొచ్చేవి. ఉండబట్టలేక ఒకరోజు రహస్యమేమిటని అడిగాను.

“ఏటుంటాదొరే? సూత్తాను, నొక్కుతాను. తగుల్తాది.”

ఫస్టు క్లాసువాణ్ణి, ఈ జవాబు నాకు నచ్చలేదు.

ఆఖర్న రెండు పరీక్షలుండేవి. ఒకటి రాతది, మర్నాడు పొద్దున్న ఫైరింగు. ఏది తప్పినా పాసింగ్ ఔట్ పెరేడ్‌లో నిలబడనివ్వరు, వెనకబ్యాచితో ఉండిపోవాలి. పెరేడ్ చూడ్డానికని బావ వాళ్ల నాన్న మిల్లులో సెలవు అడిగి, కొత్త చొక్కా కుట్టించుకుని కూర్చున్నాడు. ఆయన సెలవు పెట్టడం తను పుట్టాక ఇదే మొదలని బావ చెప్పాడు. రాతపరీక్ష తలచుకుంటే బావకి అన్నం సయించేది కాదు. “రైఫిలు గురి దేని దేని వల్ల తప్పుతాదో రాయమంటారట్రా. తప్పితే కదా నాకు తెల్డానికి! కొంచెం సెప్పరా” అని నా దగ్గరికొచ్చాడు.

ఆ అవకాశం కోసమే నేను ఎమ్మెస్సీ చదివాననిపించింది. మూడు రోజులు చెప్పాను. గొట్టంలో నూనె మిగిలితే మొదటి గుండు దారి తప్పుతుంది. వరసగా కాలిస్తే గొట్టం వేడెక్కి గుండ్లు చెదురుతాయి. ఎండ ఒక పక్కనుంచి పడితే ముందున్న గురిముల్లు ఆ పక్కే మెరిసి కన్ను మోసపోతుంది. గాలి, ఊపిరి, మీట మీద వేలి ఒత్తిడి, కుందాకి (రైఫిలు వెనక చెక్కకి) ప్రతిసారీ ఒకేచోట ఆనాల్సిన చెంప. అన్నిటికన్నా ముఖ్యం, రైఫిలు తనే లోడైపోతుంది కాబట్టి మనిషికి తొందర పుడుతుంది, మొదటి గుండు అదురు తగ్గకముందే రెండోది కాల్చేస్తాడు. బావ నోరు తెరుచుకుని విన్నాడు. రాతపరీక్ష గట్టెక్కాడు. ఆ రాత్రి నేను చాలా గర్వంగా పడుకున్నాను.

మర్నాడు ఫైరింగులో పది గుండ్లకి ఆరు తగలాలి. నేను ముందే కాల్చేశాను (సరిగ్గా ఆరు, ఒక్కటీ వృథా చెయ్యలేదు). బావ పక్కన పడుకుని లెక్క చెప్పే పని నాకు పడింది. బావ పడుకున్నాడు. గురి పెట్టాడు. దించాడు. గడ్డిపరక తుంపి గాలిలోకి వదిలాడు. చెంప ఆనించాడు, తీశాడు, ఇంకోచోట ఆనించాడు. సూర్యుడి వైపు అనుమానంగా చూశాడు. అయిదు గుండ్లు కాల్చేసరికి మిగతావాళ్లు లేచి ప్యాంట్లు దులుపుకుంటున్నారు. తగిలింది ఒక్కటి.

ఫైరింగ్ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. “ఏటయ్యిందిరా నీకు?”

“గాలి కుడిపక్క నుంచొస్తంది సార్. గొట్టం కూడా ఏడెక్కిపోనాది.”

“ఎవడ్రా నీకివన్నీ సెప్పింది?”

బావ నా వైపు చూడలేదు. “పుస్తకంలో ఉన్నాది సార్” అన్నాడు.

మాస్టారు ఆ పుస్తకం రాసినవాడి వంశాన్ని క్లుప్తంగా స్మరించి, “ఎళ్లి నీళ్లు తాగు. మిగతా అయిదూ ఆఖర్న కాలుద్దువు” అన్నాడు.

అంటే అయిదుకి అయిదూ తగలాలి. నీళ్ల డ్రమ్ము దగ్గర బావ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు. “మా నాన్నకి ఫోన్ చేసి రావద్దని సెప్పీమంటావేటిరా?” అన్నాడు. అప్పుడు, ఫిజిక్సుకి మనసులో నమస్కారం పెట్టుకుని, అబద్ధమాడాను.

“బావా, తిట్టకు. నేను చెప్పిందంతా తప్పు. సగం గుర్తులేక కల్పించాను.”

“మరి మార్కులేశారు కదరా?”

“దిద్దినాయన చదివుంటే కదా!”

బావ నన్ను తేరిపార చూశాడు. కోప్పడతాడనుకున్నాను. భుజాల మీంచి గోనెమూట దించినట్టు ఊపిరి వదిలాడు. “అనుకున్నాన్రా. అన్ని సూసుకుని ఎవడు కాలుత్తాడు?” అని గటగటా నీళ్లు తాగి వెళ్లిపోయాడు. అయిదు గుండ్లూ నిమిషంలో అయిపోయాయి. అట్ట తెచ్చి చూస్తే అయిదు కన్నాలూ కలిపి ఒక అప్పచ్చి కిందికి సరిపోతాయి. పెరేడ్ రోజున వాళ్ల నాన్న, కొత్త చొక్కా మీద మడతలు కూడా పోకుండా, ఎండలో నిటారుగా కూర్చున్నాడు.

నిజం చెప్పేద్దామని తరవాత చాలాసార్లు అనుకున్నాను. కానీ ఎప్పుడనుకున్నా బావకి ఏటేటా పెట్టే ఫైరింగు పరీక్ష దగ్గరపడుతూ ఉండేది. నేనిప్పుడు కొత్తగా చేరిన కుర్రాళ్లకి పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను. గాలీ, ఊపిరీ, చెంపా చెబుతుంటే, పక్క మంచం మీద గొంతు పెంచి ఇవే చెప్పిన ఆ ఫస్టు క్లాసు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాస్త జాలీ వేస్తుంది. పోయిన నెల బావ ఏదో డ్యూటీ మీద మా వైపు వచ్చి, క్లాసు వెనక నిలబడి పాఠమంతా విన్నాడు. అయ్యాక నన్ను వరండాలోకి తీసుకెళ్లి, కుర్రాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు:

“ఒరే ఎమ్మెస్సీ, నీకిది రాదు కదరా. పాపం ఆ పిల్లలకేటి సెప్తన్నావు?”