నా కాలి కింద బ్రేకు

2019 ఎండాకాలం. ప్రొద్దుటూరులో ఆడపిల్లలకు కారు నేర్పే ఆడమనిషిని నేనొక్కదాన్నే అని గొప్పలు పోయే రోజులవి. పొద్దున ఆరుకల్లా కారు తీసుకుని జమ్మలమడుగు రోడ్డెక్కితే, ఎండ ముదిరేలోగా నాలుగు క్లాసులు అయిపోయేవి.

నేర్పే కారుకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే పక్క సీట్లో కూర్చున్న నా కాలి కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేను బ్రేకు తొక్కితే నేర్చుకునే పిల్ల కాలి దగ్గర ఉన్న బ్రేకు కూడా దిగుతుంది. ఆ పిల్ల కూడా భయపడి కాలు పెడుతుంది. కారు ఆగుతుంది. ఎవరు ఆపారన్నది చెప్తే తప్ప తెలియదు.

జయరాజు సార్ జమ్మలమడుగులో బడి పంతులు. మూడు తరాలుగా టీచర్లే ఉన్న ఇల్లు. కూతురు కెజియాకు పద్దెనిమిది నిండాయి, పులివెందులలో కాలేజీ సీటు వచ్చింది. ఒక్కతే బిడ్డ. బిడ్డ బస్సుల్లో తిరగడం ఇష్టం లేక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఆయనకు స్కూటరు తప్ప ఏమీ రాదు. అయినా మొదటి రోజే నా కారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"మీరు దిగండి సార్, నేను చూసుకుంటా" అన్నాను.

"నా బిడ్డకు నేను చెప్పకుంటే ఎవురు చెప్తారు మేడం? మీ పని మీరు చెయ్యండి, నా పని నేను చేస్తా."

ఆయన పని ఏమిటంటే, వెనక నుంచి పాఠం చెప్పడం. గేరు మార్చు, హారను కొట్టు, ఆ ఎద్దులబండిని దాటు. అన్నిటికంటే ముఖ్యమైనది క్రాసు రోడ్ల దగ్గర. అక్కడికి రాగానే కెజియా అద్దంలో నాన్న ముఖం చూసేది. ఆయన అటూ ఇటూ తల తిప్పి, "పోమ్మా, ఏం రాలే" అనేవాడు. పిల్ల రోడ్డు వైపు చూడకుండానే క్లచ్ వదిలేది.

మూడో రోజు అలాగే "పోమ్మా" అన్నాడు. కుడి వైపు నుంచి ఇటుకల ట్రాక్టరు వస్తోంది. నేను బ్రేకు తొక్కాను. కారు కుదుపుతో ఆగింది. చెబుదామని నోరు తెరిచేలోగా వెనక నుంచి సార్ పొంగిపోతూ, "చూసినారా మేడం! నా బిడ్డ ఎంత ఠక్కున ఆపిందో! శానా చురుకు" అన్నాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నోరు మూసుకున్నాను. పిల్ల ముఖం కోసమే అంటే సగం అబద్ధం. పెద్దమనిషి, ఆయన మాట మీద ఇంకో నలుగురు ఆడపిల్లలు వస్తారన్న ఆశ కూడా ఉంది. తొక్కింది నేనే అని ఆ రోజు చెప్పలేదు, మర్నాడు ఇంకా చెప్పలేకపోయాను. ఆ నెలలో అలా ఎన్నిసార్లు తొక్కానో లెక్క లేదు.

లైసెన్సు టెస్టులో ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో కారు తిప్పాలి. కెజియా అలవోకగా తిప్పింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు, అంటే టెస్టు పెట్టే అధికారి, మెచ్చుకున్నాడు కూడా. ఆ మైదానంలో క్రాసు రోడ్డు లేదు, ట్రాక్టరు లేదు.

కాలేజీలో చేరడానికి పులివెందులకు సొంత కారులోనే పోయారు. తిరిగొచ్చేటప్పుడు, పల్లె దారి మెయిన్ రోడ్డులో కలిసే చోట, ఎడమ సీట్లో ఉన్న సార్ ఎడమ వైపు మాత్రమే చూసి "పోమ్మా" అన్నాడు. పిల్ల పోనిచ్చింది. ఈసారి ఆయన కాలి కింద బ్రేకు లేదు. కుడి నుంచి వస్తున్న మోటారు సైకిలు బంపరుకు తగిలి పడింది. దాని మీద ఉన్నది నాగన్న, అరటి తోటల్లో గెలలు మోసి బతికే మనిషి. బతికాడు. కుడి కాలు మోకాలి కిందికి తీసేశారు.

రెండు వారాల తర్వాత తండ్రీకూతుళ్లు నా ఆఫీసుకు వచ్చారు. సార్ సగానికి సగమయ్యాడు.

"ట్రైనింగు సర్టిఫికెట్టు కావల్ల మేడం, కేసులో పెట్టేకి. మీ కారులో ఒక్కసారి గూడా తప్పు చెయ్యలే గదా పాప. ప్రతిసారీ టయానికి ఆపింది. మీరే సాక్ష్యం. అదే రాసియ్యండి."

పెన్ను తీశాను. రాయలేకపోయాను. అప్పటిదాకా తలవంచుకుని ఉన్న కెజియా మెల్లగా అడిగింది.

"అక్కా, అన్నిసార్లూ ఆపింది నేనేనా?"

"కాదమ్మా. నేను."

"ఒక్కసారి గూడా నేను కాదా?"

"క్రాసుల దగ్గర... కాదు."

సార్ కుర్చీలోంచి లేచాడు. "ఆ పొద్దే ఎందుకు చెప్పలే మీరు?" అని అరిచాడు.

"పోమ్మా అన్నది ఎవురు సార్?" అని నేనూ అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరి కాలు పోయాక, తప్పు నీదంటే నీదని ఇద్దరం పెద్దవాళ్లం కొట్లాడుకుంటుంటే, ఆ పిల్ల మధ్యలో నిలబడి ఏడ్చింది.

"చెప్పింటే నేర్చుకునేదాన్ని గదక్కా" అంది. సర్టిఫికెట్టు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

అప్పటి నుంచి నా కారులో తల్లిదండ్రులను ఎక్కనివ్వను. నా కాలు బ్రేకు మీద పడిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు మీద చేత్తో కొట్టి, "ఇది నేను, నువ్వు కాదు" అని చెప్తాను. పిల్లలకు కోపం వస్తుంది. రానీ.

చాలా కాలానికి, జమ్మలమడుగు బస్టాండు ముందు వాళ్లిద్దరినీ చూశాను. నడిచి రోడ్డు దాటుతున్నారు. సార్ పాత అలవాటుగా అటూ ఇటూ చూసి "పోమ్మా, ఏం రాలే" అన్నాడు. కెజియా కదల్లేదు. కుడి వైపు చూసింది, ఎడమ వైపు చూసింది, మళ్లీ కుడి వైపు చూసింది. అప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని దాటించింది.

ఆ చూపు నేర్పడానికే నేను ఆమె దగ్గర ఫీజు తీసుకున్నాను. నేర్పింది మాత్రం నాగన్న కాలు.