చెత్తలోకి పోయిన మూడు ఉత్తరాలు

వెబ్‌సైటు మొదలుపెట్టిన రోజు చర్చి హాలు నిండిపోయింది. మా మండలంలోని అధికారులు ఇద్దరు వచ్చారు. విలేకరి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. తెర మీద తప్పిపోయిన పందొమ్మిది మంది ముఖాలు ఒకదాని కింద ఒకటి కనిపించాయి. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు తమ వాళ్ల ముఖం రాగానే లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టాలా వద్దా అని ఎవరికీ తెలియలేదు. చివరికి పాస్టరుగారు ప్రార్థన చేసి ముగించారు.

మాది ఆదోనికి పడమర వైపున్న ఊరు. వాన రాని ఏడు ఇక్కడ లెక్కలోకి రాదు, వచ్చిన ఏడే గుర్తుంటుంది. పంట చేతికి రానప్పుడు ఇళ్లకు తాళాలు వేసి జనం మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు వైపు పోతారు. సుగ్గికి పోవడం అంటారు మా దిక్కున. పోయినవాళ్లంతా తిరిగి రారు. రైలు మారేచోట తప్పిపోయినవాళ్లు, తలకు దెబ్బ తగిలి ఊరి పేరు మరిచిపోయినవాళ్లు ఉంటారు. స్టేషన్‌లో కాగితం రాసి ఇస్తారు, ఆ కాగితం అక్కడే ఉంటుంది.

వెబ్‌సైటు ఆలోచన సారుది. చర్చి బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన తమ్ముడు ఒక సుగ్గిలో పోయి రాలేదు. తమ్ముడి ఫొటో జేబులో పెట్టుకుని సారు ఎన్నో స్టేషన్లు తిరిగారు. నాకు బస్టాండు ఎదురుగా జిరాక్సు, నెట్టు అంగడి ఉంది. నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్నే. ఒక మధ్యాహ్నం వచ్చి, తప్పిపోయినవాళ్ల ముఖాలన్నీ ఒకచోట పెడితే ఎక్కడివాళ్లయినా చూస్తారు కదా అని అడిగారు. రెండు నెలలు కూర్చుని తయారు చేశాను. ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక కుర్చీలు మడుస్తూ ఆయన అన్న మాట నాకు పెద్దగా పట్టలేదు.

"తెరిసేది సులువు మ్మా. రేపట్నించి దీన్ని సూసుకునేది కష్టం."

వారం గడిచాక ఎంతమంది చూశారో తీసి చూస్తే రోజుకు ఇద్దరు. ఒకరు నేను, ఇంకొకరు సారు.

తర్వాత చేసిన పనికి ఏ విలేకరీ రాలేదు. నెలనెలా ప్రతి ఇంటికీ ఫోన్ చేయాలి. సిమ్ములు మారిపోయేవి. అప్పుడు సారు సైకిలు మీద ఊళ్లకు పోయి కొత్త నంబరు రాసుకొచ్చేవారు. రేషన్ కార్డు మీది మసక ఫొటో తీసేసి, పెళ్లిలో పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో నుంచి ముఖం కత్తిరించి పెట్టేదాన్ని. ఇంట్లో ఆడపిల్లకు సంబంధం చూస్తున్నాం, ఫొటో తీసేయమని ఒకరు అడిగారు, తీసేశాను. తెలుగులో రాసి పెడితే రాష్ట్రం అవతలి ఊళ్లవాళ్లు చదవలేరని సారు ప్రతి మనిషి గురించీ కన్నడంలో రాసి ఇచ్చారు. హిందీ నేను ఎవరినో అడిగి రాయించాను. ఇంతా చేసినా మొదటి ఏడు నెలల్లో దొరికింది ఒకే ఒక్కరు. మూగ పిల్ల. రాయచూరులో ఒక హోటలువాళ్లు పెట్టుకుని చూసుకుంటున్నారు. ఆ పిల్లను తీసుకొచ్చిన రోజు నేను అంగడి మూసి ఇంటికి పోయి ఏడ్చాను.

ఆ పందొమ్మిది మందిలో ఒకాయన భార్య ప్రతి శుక్రవారం సంతకు వచ్చి, అటునుంచి నా అంగడికి వచ్చేది. నలభై దాటి ఉంటాయి. పత్తి మిల్లులో పని. ఆమె భర్త కట్టడం మీద నుంచి పడి, అప్పటి నుంచి మూర్ఛలు వచ్చేవట. మాట తడబడేది, మనుషుల్ని మాత్రం గుర్తుపట్టేవాడు. మిరప కోతల నుంచి తిరిగి వస్తూ గుంతకల్లులో నీళ్లకని దిగాడు. ఆమె మూటలు పట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎదుటి ప్లాట్‌ఫాం మీది రైలు ఎక్కడం కనిపించింది. అరిచేలోపు రెండు రైళ్లూ కదిలాయి.

ఆమె వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడి అడిగేది.

"ఏమన్నా వచ్చిండాదా మ్మా?"

"ఏం రాలేదక్కా" అనేదాన్ని. ఇంకో మాట అడగకుండా వెళ్లిపోయేది.

కొత్తలో వెబ్‌సైటు మీద ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు ఉండేవి. ఒకరోజు ఆమె పరుగున వచ్చింది. ఎవరో ఫోన్ చేసి, నీ మొగుడు మా దగ్గర ఉన్నాడు, దుడ్లు పంపితే బండెక్కిస్తాం అన్నారట. అప్పటికే మెడలోని తాళిబొట్టు గుండ్లు అమ్మడానికి పోతోంది. నేను ఆ నంబరుకు ఫోన్ చేసి, ఆయన చెయ్యి మీద పచ్చబొట్టు ఏముందో చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశారు. అలాంటి ఫోన్లు ఇంకో మూడిళ్లకు వచ్చాయని తెలిశాక నంబర్లు, ఊళ్ల పేర్లు అన్నీ తీసేశాం. ఇక ఎవరైనా మమ్మల్ని కలవాలంటే వెబ్‌సైటులోనే ఉత్తరం రాసే చోట రాయాలి. అది నాకు ఈమెయిల్‌గా వచ్చేది. వాకిళ్లన్నీ మూసి ఒక్కటే తెరిచి ఉంచినట్టు. దాని దగ్గర కూర్చుంది నేను ఒక్కదాన్నే.

ఎవరికీ తెలియకపోతే ఎంత బాగా చేసినా ఏం లాభం అని సారు కరపత్రాలు వేయించారు. పది ముఖాలు, కింద వెబ్‌సైటు అడ్రసు, అంతే. స్టేషన్లలో అతికించాం. ఉరుసుల్లో, తిరునాళ్లలో పంచాం. అయినా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాం కదా అనిపించింది. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు ఎక్కడెక్కడికో పోతాయని సారుకు తట్టింది. ఇద్దరం రైల్లో పోయాం. ఫ్యాక్టరీ బయట లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. చెట్లు, గోడలు, డ్రైవర్ల కనుబొమలు అన్నీ బూడిద రంగు. సారు ప్రతి లారీ దగ్గరికీ పోయి చేతులు జోడించి చెప్పారు. కొందరు తీసుకున్నారు. కొందరు తీసుకుని చక్రం కింద పడేశారు. ఒక ముసలి డ్రైవరు మాత్రం, కట్ట ఇయ్యప్పా, నేను శానా దూరం పోతాండా, అన్నం తినే కాడంతా అంటిస్తా అన్నాడు.

లారీల్లో కరపత్రాలు వెళ్లాక నెలకు వెబ్‌సైటు చూసేవాళ్లు పెరిగారు. దాంతోపాటు చెత్త కూడా వచ్చి పడింది. అప్పిస్తాం, మందులు అమ్ముతాం, లాటరీ తగిలింది అంటూ రోజూ వందల ఉత్తరాలు. ఒక ఆదివారం కూర్చుని జల్లెడలాంటి ఏర్పాటు చేశాను. అనుమానం ఉన్న ఉత్తరాలను అది దానంతట అదే వేరే పెట్టెలోకి పడేసేది. సోమవారం పొద్దున తెరిస్తే రెండే ఉత్తరాలు ఉన్నాయి, రెండూ మంచివే. ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ రెండో పెట్టెను అప్పుడప్పుడు తీసి చూడాలని తెలుసు. పరీక్షల దరఖాస్తుల కాలం, అంగడిలో జనం. రేపు చూద్దాం అనుకున్నాను. అలా నెల దాటింది. ప్రతి శుక్రవారం ఆమె వచ్చి అడిగింది. ప్రతి శుక్రవారం ఏం రాలేదనే చెప్పాను.

సారు పాత శిష్యుడొకడు ఫోన్ చేసి, మీ వెబ్‌సైటుకు మంచి మాట రాస్తే జవాబే ఇవ్వలేదేమని సారును అడిగాడట. ఆ సంగతి సారు చెబితే పెట్టె తెరిచాను. లాటరీల మధ్య అతని ఉత్తరం ఉంది. ఇంకా కిందికి పోతే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ ఉత్తరం ఒకటి, ఫొటో లింకుతో.

షోలాపూర్ అవతల ఒక అనాథాశ్రమం వాళ్లు రాశారు. రోడ్డు పక్క దాబాలో మీ కాగితం చూశాం, అందులోని నాలుగో మనిషి మా దగ్గర ఉన్నాడనుకుంటున్నాం, జబ్బుగా ఉన్నాడు, ఊరు అడిగితే సంగటి అంటున్నాడు, ఆ ఊరు మాకు దొరకలేదు, త్వరగా జవాబు ఇవ్వండి అని. లింకు నొక్కాను. గడ్డం పెరిగి ఉంది, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. ఆయనే. ఎనిమిది రోజుల తర్వాత రెండో ఉత్తరం, ఆస్పత్రిలో చేర్చాం, ఎవరైనా రండి అని. మూడోది ఇంకో పదకొండు రోజులకు. చనిపోయాడు, పోలీసులకు చెప్పి ఇక్కడే పూడ్చిపెట్టాం, బట్టలు దాచి ఉంచాం అని ఉంది.

ఉత్తరం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. నిజమేనన్నారు. చెయ్యి మీది పచ్చబొట్టు కూడా చెప్పారు. మీరు జవాబు ఇవ్వకపోతే ఆ వెబ్‌సైటు ఎప్పుడో మూతపడిందేమో అనుకున్నాం అన్నాడు ఆ మనిషి. కోపంగా అనలేదు.

మేం అంటించమన్న కాగితం వాళ్లకు చేరింది. వాళ్లు రాశారు. చూడాల్సిన నేను చూడలేదు.

సారుకు చెప్పాను. ఉత్తరం ఆలస్యంగా వచ్చిందని ఆమెకు చెబుదామా అని నేనే అడిగాను. అడిగానని దాచుకోను. సారు తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం పని విరామంలో ఇద్దరం మిల్లుకు పోయాం. ఆమె జుట్టు నిండా దూది నూగుతో బయటికి వచ్చింది. నన్ను అక్కడ చూడగానే ఆగిపోయింది.

"అక్కా, ఉత్తరం వచ్చింది. నెల కిందటే వచ్చింది" అన్నాను.

"ఉండాడా?"

"లేడక్కా."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఉత్తరాల గురించి, ఆశ్రమం గురించి సారు నెమ్మదిగా చెప్పారు. ఆమె వింటున్నట్టే లేదు. చివరికి నా వైపు చూసింది.

"పోయిన శుక్రవారం నేను వచ్చినా గదా."

"వచ్చినావు."

"ఏం రాలేదన్నావు."

"అన్నాను."

"సూసి సెప్పినావా, సూడకుండానే సెప్పినావా?"

"చూడకుండానే చెప్పినాక్కా."

ఆమె నన్ను తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయి, మేస్త్రీకి చెప్పి సంచి తెచ్చుకుంది. ఆ సాయంత్రమే ముగ్గురం రైలెక్కాం. దారిలో సారుతో మాట్లాడింది, నాతో మాట్లాడలేదు. నేను కొన్న టీ తాగలేదు.

ఆశ్రమంలో ముప్పై నలభై మంది ఉన్నారు. కొందరు వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నారు. ఎవరిదో ఒకరిది మా కాగితం మీది ముఖమేమోనని నాకు చూపు ఆగలేదు. అక్కడి పెద్దమనిషి పుస్తకం తెరిచి చూపించాడు. ఊరు అన్నచోట సంగటి అని హిందీలో రాసి ఉంది. పటంలో వెతికామనీ, రోజూ అదే ఊరు చెప్పేవాడనీ సారుతో అన్నాడు. సారు ఆమెకు అది తెలుగులో చెప్పారు.

"ఊరు కాదు సార్. కూడు అడిగినాడు. ఈడ రొట్టెలు ఆయప్పకు పడలేదేమో" అంది.

అంతవరకు ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. ఆ పెద్దమనిషికి సారు ఆ మాటకు అర్థం చెప్పాక ఆయన పుస్తకం మూసి బయటికి పోయాడు. శ్మశానంలో ఒక మట్టిదిబ్బ, దాని దగ్గర నంబరు రాసిన రేకు. ఆమె రెండు చేతులతో దిబ్బను సర్దింది. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరికి పోయే హక్కు నాకుందని అనిపించలేదు. చొక్కా, లుంగీ మూట కట్టి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో ఆ మూట ఆమె ఒళ్లోనే ఉంది.

ఊరికి వచ్చాక వెబ్‌సైటు మూసేస్తానని సారుతో చెప్పాను. నా చేతుల్లో ఉండకూడదు అన్నాను. ఆయన ఊరడిస్తారనుకున్నాను.

"తప్పు నీదే మ్మా. నిన్నొక్కదాన్నే వదిలేసినా గాబట్టి నాది గూడా. మూసేస్తే మాత్రం ఇంక వచ్చే ఉత్తరాలు యాడికి పోతాయి?" అన్నారు.

మూయలేదు. ఇప్పుడు రెండు పెట్టెలనూ పొద్దున నేను చూస్తాను, సాయంత్రం సారు కోడలు చూస్తుంది. చూసిన ప్రతిసారీ నోటుబుక్కులో సంతకం పెడతాం. ఆశ్రమం వాళ్లకు నెలనెలా కొత్త ముఖాలు పంపుతాం, వాళ్లు తమ దగ్గరికి వచ్చినవాళ్ల ఫొటోలు పంపుతారు. అలా ఇంకో ఇద్దరు ఇళ్లకు చేరారు. సారు తమ్ముడి జాడ తెలియలేదు. ఆమె భర్త ముఖం కింద మరణించారు అని నేనే టైపు చేశాను. ఆ ఒక్క మాట రాయడానికి ఒక పూట పట్టింది.

ఆమె మళ్లీ నా అంగడికి రాలేదు. సంత రోజుల్లో బస్టాండు దగ్గర కనిపిస్తుంది, రోడ్డుకు అటువైపు నుంచే పోతుంది. ఈసారి వానలు అసలే పడకపోవడంతో ఆమె కూడా సుగ్గికి బయలుదేరిందని విన్నాను. పోయేముందు సారు ఇంటికి వచ్చి, పోయేచోట స్టేషన్లలో అంటిస్తాను, ఒక కట్ట కరపత్రాలు కావాలని అడిగిందట. వాటిని నేనే అచ్చు తీసి, కట్ట కట్టి, సారు చేతికి ఇచ్చాను.