మార్లేని మోసిన పూలమోపు

మార్లేని అతెహోర్తువా బరువు మోయలేదని ఎవరైనా అంటే సాంటా ఎలేనా కొండ మీద బడిపిల్లలు కూడా నవ్వుతారు. రెండు వందల మందికి ఎర్ర చిక్కుడుగింజలు ఉడికే గుండిగను పొయ్యి మీంచి ఒంటిచేత్తో దింపినంత పని చేసే వంటమనిషి ఆమె. గరిట పట్టుకుని కసిరితే హెడ్మాస్టరంతటివాడు కూడా నోరు మూసుకుని వరసలో నిలబడాల్సిందే. అలాంటి మనిషి, నలభై నాలుగేళ్ల వయసులో, ఒక ఆగస్టున కొండ కింది మెడెలిన్ నగరం నడివీధిలో జనమంతా చూస్తుండగా మోకాళ్ల మీద కూలబడింది.

వీపున పూలమోపు ఉంది మరి. మోపంటే ఏదో పూలబుట్ట అనుకునేరు. చెక్క చట్రానికి మనిషికంటే ఎత్తుగా, బండిచక్రమంత గుండ్రంగా పూలు గుచ్చి, భుజాలకు రెండు పట్టీలు, నుదుటికి ఒక పట్టీ బిగించి మోసేది. అరవై కిలోల పైమాటే. ఏటా ఆగస్టులో జరిగే పూల పండగలో దాంతో రెండున్నర కిలోమీటర్లు ఊరేగాలి. మార్లేని తండ్రి దోన్ హెరిబెర్తో ముప్పై తొమ్మిదేళ్లు మోశాడు. తుంటి అరిగిపోయాక, ఉన్న ఒక్కగానొక్క కూతురికి ఊరేగింపులో తన చోటు అప్పగించాడు. ఆ ఒక్కగానొక్క కూతురు సగం దారి దాటాక నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటుంటే, నలుగురు మగవాళ్లు వచ్చి మోపు దించి లారీలో వేశారు.

ఊరేగింపు సంఘం వాళ్లు మర్యాదగానే చెప్పారు. వచ్చే ఆగస్టులో అతెహోర్తువాల మోపు చివరిదాకా నడిచి చేరాలి. చేరకపోతే ఆ చోటు పట్టికలో తరవాత ఉన్నవాళ్లకు వెళ్తుంది. తరవాత ఉన్నది ఎవరో కాదు, ఆమె పెదనాన్న కొడుకు దాగొబెర్తో.

"ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. వంటింట్లో గుండిగ వేరు, వీధిలో మోపు వేరు చెల్లీ" అన్నాడు దాగొబెర్తో, ఆమె చేసిన చిక్కుడుగింజల కూరే రెండోసారి వడ్డించుకుంటూ.

ఆ మాట మార్లేనికి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తొంభై ఒక్క కిలోల ఒళ్లు. ఊపిరాడకపోవడానికి కారణం ఈ కొవ్వే, ఇది కరిగితే అన్నీ సర్దుకుంటాయని తీర్మానించుకుంది. ఆ కొండ మీద ఆడవాళ్లందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది కదా: వంటింట్లో తిండి చుట్టే ప్లాస్టిక్ కాగితం పొట్టకు పది చుట్లు చుట్టి పరుగెత్తడం. ఆదివారాలు బండ్లు రాకుండా ఆపేసిన నగరం రోడ్ల మీద, మిగతా రోజులు కొండదారుల్లో, కురుకుర శబ్దం చేసుకుంటూ పరుగెత్తింది. తిండి మానేసింది. సెలెరీ ఆకు చారు తప్ప ఏదీ ముట్టలేదు. క్రిస్మస్‌కి ఇంటింటా జున్నుండలు వేగుతుంటే ముక్కు మూసుకుని నడిచింది. ఫిబ్రవరికల్లా డెబ్భై నాలుగు కిలోలకు దిగింది. ఊరంతా మెచ్చుకుంది. పాత లంగాలన్నీ వదులైపోయాయి. అద్దం ముందు నిలబడి తనను చూసుకుని మురిసిపోయింది పాపం.

ఆ నెలలోనే తండ్రి పరీక్ష పెట్టాడు. పెరట్లో పాత చట్రానికి రెండు బంగాళాదుంప బస్తాలు కట్టాడు. సరిగ్గా అరవై కిలోలు. మార్లేని దాని ముందు గొంతుక్కూర్చుని, పట్టీలు తగిలించుకుని, "ఓ దేవుడా" అని లేవబోయింది. లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. తొడలు గజగజ వణికి వెనక్కి పడింది. పోయినేడు ఇదే బరువుతో లేచి కిలోమీటరున్నర నడిచిన మనిషి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

దోన్ హెరిబెర్తో కర్ర పట్టుకుని వచ్చి బస్తాల తాళ్లు విప్పి, చట్రం తీసుకెళ్లి కొట్టంలో పెట్టి తలుపు వేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే దాగొబెర్తో వచ్చి భుజాల పట్టీలు తనకు సరిపోతాయో లేదో కొలుచుకుపోయాడు. తండ్రి వద్దనలేదు. అది చూసి మార్లేని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ఉల్లిపాయల వంక పెట్టుకుని, అరగంట ఏడ్చింది.

ఏడుపయ్యాక మొహం కడుక్కుని ఫాబియోలా దగ్గరికి వెళ్లింది.

ఫాబియోలాకి అరవై రెండేళ్లు. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి. నగరానికి దిగే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, పాలపొడి డబ్బాల్లో సిమెంటు పోసి కడ్డీలకు బిగించిన బరువులతో కసరత్తు నేర్పేది. నోరు మంచిది కాదు. మార్లేని జబ్బ పట్టుకుని పిండి చూసి, మొదట అడిగిన ప్రశ్న తిండి గురించే.

"ఏం తింటున్నావు?"

"సెలెరీ చారక్కా."

"మధ్యాహ్నం?"

"అదే."

"రాత్రికి?"

"అదే, కాస్త ఉప్పేసి."

"మా ఇంట్లో చిలక ఇంతకంటే ఎక్కువ తింటుంది" అంది ఫాబియోలా. "చూడు పిల్లా. తిండి పెట్టకుండా పరుగెత్తించావు. ఒంటికి కట్టెలు చాల్లేదు. పొయ్యి ఆరకూడదు కదా, ఇంటి దూలాలు కూడా పీకి మంటలో పెట్టింది. కొవ్వు పోయింది, దాంతోపాటు కండా పోయింది. ఇంకేం మిగిలింది నీకు?"

"అయితే పరుగు మానేయమంటావా?"

"మానేస్తే పోయినేడు లాగే నడిరోడ్డు మీద నోరు తెరుస్తావు. మోపు లేపడానికి కండ కావాలి, లేపింది మోసుకుపోడానికి ఊపిరి కావాలి. ఒకటుంటే చాలనుకునేవాళ్ల మోపులే లారీ ఎక్కేది. ఏదీ, చొక్కా పైకెత్తు."

మార్లేని సిగ్గుపడుతూ ఎత్తింది. ఫాబియోలా గోడకున్న కత్తెర తీసి, పొట్ట చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని కింది నుంచి పైదాకా సర్రున కోసేసింది. "కారింది చెమటే, కొవ్వు కాదు. ఒక గ్లాసు నీళ్లు తాగితే తిరిగొచ్చేస్తుంది. ఇది మొక్కజొన్న అరెపా రొట్టెలు చుట్టుకోడానికి ఉంచుకో."

ఆ రోజు నుంచి మొదలైంది చాకిరీ. వారానికి మూడు రోజులు బడి వదిలాక బరువులు. ముందు బరువులే. ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు బస్కీలు, నేల మీంచి కడ్డీ లేపడం, దండీలు. అవయ్యాక పావుగంట ఎక్కుడు దారిలో చురుగ్గా నడక. ఒకసారి మార్లేని ముందే పరుగెత్తి చెమటతో వచ్చింది. "అలిసిపోయిన గాడిద మీద బస్తా వేస్తారా ఎవరైనా? పో, రేపు రా" అని వెనక్కి పంపేసింది ఫాబియోలా. బరువులు లేని రోజుల్లో ఒకనాడు ఏటవాలు రోడ్డు మీద అరనిమిషం దౌడు, రెండు నిమిషాల నడక, మళ్లీ దౌడు. ఆదివారం మాత్రం మాటలాడుకుంటూ పోగలిగేంత మెల్లగా గంటసేపు పరుగు. రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. ఆ రెండు రోజులే మార్లేనికి నరకం, ఊరికే కూర్చోవడం ఆమె ఒంట్లో లేదు.

తిండి తిరిగొచ్చింది. పొద్దున రెండు గుడ్లు, ఒక అరెపా. మధ్యాహ్నం తన చేతి చిక్కుడుగింజలే, పంది కొవ్వు ముక్కలు మాత్రం తీసేసి. సాయంత్రం కోడికూర. చారు పేరెత్తితే ఫాబియోలా కత్తెర చూపించేది.

ఆరు వారాలయ్యాక మార్లేని బడి కొట్టుగదిలో బియ్యం తూచే కాటా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. డెబ్భై ఆరు. పెరిగింది. ఆమె పరుగున షెడ్డుకొచ్చి బల్ల మీద కూలబడింది.

"రెండు కిలోలు పెరిగానక్కా. నీ గుడ్లూ వద్దు, నీ సిమెంటు డబ్బాలూ వద్దు. నేను చారే తాగుతాను."

ఫాబియోలా సొరుగులోంచి ఒక రిబ్బను తీసింది. మొదటి రోజు మార్లేని నడుముకొక ముడి, తొడకొక ముడి కొలిచి వేసిన రిబ్బను అది. ఇప్పుడు నడుముకు చుడితే ఆ ముడి దగ్గర నాలుగు వేళ్ల రిబ్బను మిగిలింది. తొడకు చుడితే మాత్రం తొడ ముడిదాకా రిబ్బను చాల్లేదు.

"కాటాకేం తెలుసే కొవ్వేదో, కండేదో? లే, బస్కీలు తీయి."

మార్లేని ముక్కు తుడుచుకుని లేచింది. ఆ తరవాత ఆమె మళ్లీ కాటా ఎక్కలేదు. జూన్ చివర్లో తనే కొట్టం తలుపు తీసి, చట్రం బయటికి లాగి, బంగాళాదుంప బస్తాలు కట్టుకుంది. అరుగు మీద బెల్లం నీళ్లు తాగుతున్న తండ్రి వైపు చూడకుండా గొంతుక్కూర్చుంది. లేచింది. వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, దించకుండానే ఆయన ముందు నిలబడింది.

"ఇంకా బెల్లం నీళ్లున్నాయా నాన్నా?" అంది, రొప్పు లేకుండా.

ఆయన గ్లాసు ఆమెకిచ్చి, తోటలోకెళ్లి ఆగస్టుకు ఏ మడిలో ఏ పువ్వు తయారవుతుందో చూడటం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం దాగొబెర్తోకి కబురంపాడు, ఇక పట్టీలు కొలవడానికి రానక్కర్లేదని.

ఊరేగింపు రోజు వచ్చింది. చామంతులు, పొద్దుతిరుగుడు పూలు, లిల్లీలు, ఎర్ర గ్లాడియోలస్ కాడలు గుచ్చిన మోపు నగరంలో వరసలో నిలబడింది. మార్లేని తెల్ల జాకెట్టు, నల్ల లంగా వేసుకుని, మోపు ముందు గొంతుక్కూర్చుని పట్టీలు తగిలించుకుంది. కొద్దిగా లేపి చూసింది. వెంటనే దించేసింది.

"నాన్నా, ఇది అరవై కాదు."

దోన్ హెరిబెర్తో టోపీ తీసి చేతుల్లో తిప్పడం మొదలుపెట్టాడు. పూలు వాడకుండా తెల్లారుజామున ఒక్కసారి తడపడం అందరూ చేసేదే. కానీ ఈ ముసలాయన, కూతురి పూలే అందరికంటే తాజాగా కనిపించాలని, ఆమె పలహారం తినేటప్పుడొకసారి, జడ వేసుకునేటప్పుడొకసారి, లారీలో వస్తూ ఇంకోసారి బొక్కెనతో పోశాడు. చట్రంలోని గడ్డీ నాచూ గొంతుదాకా తాగేశాయి. సంఘంవాళ్ల కాటా మీద పెడితే డెబ్భై ఏడున్నర చూపించింది.

"నాలుగుసార్లు తడిపానే. ముప్పై తొమ్మిదేళ్లు మోసినవాణ్ని, నా మతి కాలిపోను" అన్నాడాయన. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కింది రెండు వరసలూ పీకేద్దాం. పది కిలోలు తగ్గుతుంది."

ఆ మాట విని దాగొబెర్తో ముందుకొచ్చాడు. మనసులో ఏమున్నా గొంతు మెత్తగానే ఉంది. "పీకేయ్ చెల్లీ. లేదంటే చెప్పు, నేనెత్తుకుంటా."

"ఒక్క పువ్వు మీద చెయ్యి పడిందంటే గరిట తిరగేస్తాను" అంది మార్లేని. "నాన్న పొద్దున్నుంచీ నీళ్లు పోసింది పీకించుకోడానికా?"

పట్టీ నుదుటికి బిగించింది. మడమలు నేలకు తన్ని, వీపు నిటారుగా పెట్టి, తొడల మీద భారం వేసి లేచింది. మెల్లగా లేచింది, కానీ ఆగకుండా లేచింది. దాగొబెర్తో ఒకడుగు వెనక్కి వేశాడు.

పోయినేడు కూలిన చోటు చేరేసరికి వాన మొదలైంది. మోపు ఇంకా తాగుతోంది. నిండా మునిగినదానికి చలేమిటని మార్లేని ముందుకే నడిచింది. భుజాలు మండుతున్నాయి, నుదుటి పట్టీ తల నరాల్ని నొక్కుతోంది. అయినా ఊపిరి ఒక లెక్కలో వస్తోంది, పోతోంది. కాళ్లు బరువుగా ఉన్నాయి, కానీ ఉన్నాయి! మెట్ల మీద కూర్చున్న జనం "తిరుగు, తిరుగు" అని చప్పట్లు కొట్టారు. మోపు ముఖం చూడాలంటే మోసేవాళ్లు చుట్టూ తిరగాలి, అది ఆ వీధి హక్కు. పక్కన కర్రతో నడుస్తున్న తండ్రి "వద్దే, కాళ్ల బలం దాచుకో" అన్నాడు. మార్లేని తిరిగింది. ఒకసారి కాదు, ఆ వీధిలో మూడుసార్లు తిరిగింది. తడిసిన పొద్దుతిరుగుడు పూలన్నీ జనం వైపు తిరిగితే వాళ్లు గొడుగులు వదిలేసి లేచి నిలబడ్డారు. ఫాబియోలా ఎక్కడో ఆ గుంపులోంచి "నడుమొంచకే!" అని తిట్టడం కూడా వినిపించింది. ఆ తిట్టు విని మార్లేనికి నవ్వొచ్చింది. అంత బరువు కింద నవ్వడానికి కూడా ఊపిరి మిగిలి ఉంది ఆమెకు.

చివరి గీత దాటాక నలుగురు మగవాళ్లు మోపు దించడానికి పరుగెత్తుకొచ్చారు. ఆమె చెయ్యడ్డు పెట్టి వాళ్లను ఆపింది. తనే గొంతుక్కూర్చుని, చట్రం కాళ్లు నేలకు ఆనేదాకా మెల్లగా దించి, పట్టీ తీసుకుంది. లేచి నిలబడితే ఒళ్లంతా గాలిలో తేలినట్టుంది. నుదుటి మీద ఎర్రగా అడ్డంగా చార పడింది.

పట్టిక పట్టుకున్న సంఘం పెద్దాయన వానకు కాగితాన్ని టోపీతో కాచుకుంటూ వచ్చి, అలవాటు కొద్దీ ముసలాయన్ని అడిగాడు.

"దోన్ హెరిబెర్తో, మీ చోటులో వచ్చే ఏటికి ఎవరి పేరు రాయమంటారు?"

దోన్ హెరిబెర్తో కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కూతురి నుదుటి మీద చార వైపు చూశాడు.

"నన్నడుగుతావేంటయ్యా?" అన్నాడు. "ఆ చోటు గలావిడ ఎదురుగా నిలబడితే."