గీత పడని షూలు

పదిహేనేళ్లు దాటింది. ఇంతకాలం ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. నా భార్యతో కూడా అనలేదు. మోసి మోసి అలవాటైపోతుందనుకున్నాను, కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. అయినా నా బుద్ధి ఎలాంటిదంటే, ఇది రాస్తూ కూడా మీరు ఎవరితోనైనా అంటారేమో, ఊరూ పేరూ ఆరా తీస్తారేమో అని అనుమానంగానే ఉంది. పేరు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

బహ్రెయిన్‌లో నేను ఒక కంపెనీ క్యాంపులో స్టోర్ కీపర్ని. చేతి తొడుగులు, హెల్మెట్లు, సేఫ్టీ షూలు ఇవ్వడం, పాతవి తీసుకుని కొత్తవి రాసివ్వడం నా పని. ఆ కిటికీ వెనక కూర్చున్నవాడికి మనుషుల మీద నమ్మకం నిలవదు. షూ చిరిగిందని వచ్చినవాడు బ్లేడుతో కోసుకొచ్చాడా, నిజంగానే అరిగిందా అని అడుగు తిప్పి చూడాలి. నేను తిప్పి చూసేవాణ్ని. క్యాంపులో మా తెలంగాణవాళ్లు నన్ను సీఐడీ అని ఏడిపించేవారు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ దేశమంతా చదును. మధ్యలో ఒకే ఒక్క కొండ, చుట్టూ కొన్ని రాతి గట్లు. గ్యాసు బావుల వైపు మంటలు లేస్తే కనిపెట్టడానికి కంపెనీ ఎప్పుడో ఆ కొండ మీదా గట్ల మీదా ఐదు ఇనుప టవర్లు కట్టించింది. కెమెరాలు వచ్చాక పైన మనిషి కూర్చోవడం మానేశారు. రెండువేల ఆరో ఏడో, ఆ వేసవిలో మా సేఫ్టీ ఆఫీసర్ ఒక పోటీ పెట్టాడు. వారానికొకటి చొప్పున, శుక్రవారం పొద్దున్నే ఎండ ముదరకముందు ఐదు టవర్లూ ఎక్కాలి. ఒక్కో టవర్ పైన గొలుసుతో కట్టిన రబ్బరు స్టాంపు ఉంటుంది. ఎవరి కార్డు మీద వాళ్లే వేసుకోవాలి. అందరికంటే ముందు ఐదూ నింపినవాడికి, వరస చూడకుండా, అడిగిన నెలలో సెలవు.

సెలవు అక్కడ రెండేళ్లకోసారి వరసలో వస్తుంది. ఇంట్లో పెళ్లయినా చావయినా, వరస వచ్చినప్పుడే వెళ్లాలి. అందుకే ఆ కార్డు పట్టుకుని నలభై మంది కొండెక్కారు. అందులో నేనొకణ్ని. వరస ఎప్పుడొచ్చినా ఎండల్లోనే వచ్చేది, ఆరేళ్లుగా బతుకమ్మ చూడలేదు, ఈసారి చూడాలనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం నాకు లేదు.

గంగారాం కారణం వేరు. అతను నీళ్ల ట్యాంకర్ డ్రైవరు, మా జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. అన్నా అన్నా అంటూ నా వెంటే ఉండేవాడు. భార్యకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది, దసరా ముందర పురుడు. ఆ సమయానికి దగ్గరుండాలని అతని ఆశ. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను. ఈ రెండు మాటలు రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

శుక్రవారాలు కూడా అతనికి డ్యూటీ ఉండేది. అందుకని మాతో బస్సులో రాకుండా ముందే తన ట్యాంకర్లో వెళ్లి, ఎక్కి దిగి, అటునుంచే పనికి పోయేవాడు. అంటే అతను ఎక్కడం ఎవరూ చూడలేదు. నాలుగో వారానికి క్యాంపులో గుసగుసలు మొదలయ్యాయి. ఎవడో ఒకడు నలుగురి కార్డులు పట్టుకెళ్లి స్టాంపులు వేసుకొస్తున్నాడట. ఎవడు? అన్నం దగ్గర ఎవరు ఎవరితో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారో, నేను రాగానే ఎవరు ఆపేస్తున్నారో గమనించేవాణ్ని. ఐదో శుక్రవారం గంగారాం కార్డు నిండింది. నాదీ ఆ రోజే నిండింది, అతని తర్వాత రెండు గంటలకు.

మర్నాడు చేతి తొడుగులకని స్టోర్‌కి వచ్చాడు. మెట్టు మీద కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. షూ అడుగు కనిపించింది. ఆ గట్ల రాయి మహా పదును. మూడో టవర్‌కే మా అందరి షూ అడుగులూ గీతలు పడి చీలిపోయాయి. అతని వాటికి ఒక్క గీత లేదు. నేనిచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

“ఐదు ఎక్కినవా గంగారాం?”

“ఎక్కిన అన్నా.”

“నీ షూలు జూస్తే ఎక్కినట్టు లేదు.”

కాలు కిందికి దించుకున్నాడు. “ఎక్కిన. ఎట్ల ఎక్కిననో మాత్రం అడగకు. మంగళారం దాంక ఆగు, నేనే చెప్త.”

దొంగ దొరికాడనుకున్నాను. మంగళవారం దాకా ఎందుకు ఆగాలి? కథ అల్లుకోవడానికి కాకపోతే? ఆ సాయంత్రమే ఆఫీసర్ గదికి వెళ్లి షూల సంగతి చెప్పాను. నా పేరు బయటికి రాకూడదన్నాను. మోసాన్ని పట్టిస్తున్నానని నిజంగా నమ్మే వెళ్లానా, ఆ రెండు గంటల తేడా నన్ను నడిపించిందా? అప్పుడు మొదటిదే అనుకున్నాను. ఇప్పుడు నా మాట నేనే నమ్మను. ఆఫీసర్ పిలిచి అడిగితే గంగారాం తల దించుకుని నిలబడ్డాడట, నోరు విప్పలేదట. అతని కార్డు కొట్టేశారు. సెలవు నాకు వచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే అది అనుమానపు మనిషి చేసిన పొరపాటు. ఆగలేదు.

మంగళవారం డ్యూటీ దిగి నల్లాల దగ్గరికి వెళితే గంగారాం బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి పైకి తీసి చూపించాడు. రెండు అరికాళ్లూ తోలు లేచి పచ్చిగా ఉన్నాయి. భార్య కడుపు నిలిస్తే మా వైపు ఆంజనేయుడి గుడి ఉన్న అంజన్న గుట్ట ఐదుసార్లు వట్టి కాళ్లతో ఎక్కుతానని మొక్కుకున్నాడట. కార్డు మీద ఐదు గళ్లు చూడగానే అంజన్నే పంపినట్టనిపించిందట. ఇక్కడ ఉన్న గుట్టే గుట్ట అనుకుని, షూలు ట్యాంకర్లో విడిచి, ఆ రాళ్ల మీదా ఇనుప మెట్ల మీదా వట్టి కాళ్లతో ఎక్కాడు. మొక్కు ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదని వాళ్లమ్మ మాట. మంగళవారం అంజన్న వారమని ఆ పొద్దున ఆయన పటం ముందు కొబ్బరికాయ కొట్టాడు, ఇక చెప్పొచ్చు.

“ఎవడో నా మీద చెప్పిండన్నా. నాకు ఇంగ్లీషు రాదు. సార్ నీ మాట ఇంటడు, ఒక్క మాట చెప్పు” అన్నాడు.

చెప్తానన్నాను. చెప్పలేదు. ఆఫీసర్ గది ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లాను. సేఫ్టీ షూ లేకుండా ఎక్కడం కూడా రూలుకు విరుద్ధమే కదా, చెప్పినా ఇవ్వరు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇచ్చేవారు కాదేమో. ఆ అరికాళ్లు చూస్తే ఇచ్చేవారేమో. ఆ సంగతి తేలకుండా చేసింది నేనే. మూడో రోజు అతను అడిగితే, చెప్పాను, సార్ వినలేదు అన్నాను. “పోనీ తియ్యన్నా, నువ్వైతే అడిగినవ్” అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను బయల్దేరేటప్పుడు జిదాఫ్స్ బజారులో చిన్న చిన్న చొక్కాలు, టోపీలు కొని తెచ్చాడు. తన ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి పురుడై ఆరు రోజులు. మగపిల్లవాడు. గంగారాం వాళ్లమ్మ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బరువే లేడు. నా వేలు పట్టుకున్నాడు. ఆయనెందుకు రాలేదని గంగారాం భార్య అడిగింది. సెలవు దొరకలేదమ్మా అన్నాను. ఆమె పిల్లవాణ్నే చూస్తోంది. నాకు మాత్రం నన్నే చూస్తున్నట్టు, అంతా తెలిసే అడిగినట్టు అనిపించింది. చాయ్ తాగకుండా లేచి వచ్చాను.

పదకొండో రోజు పిల్లవాడు పోయాడు. కామెర్లన్నారు. ఇరవై ఒక్క రోజులు నిండేదాకా ఫోటో తీయకూడదని వాళ్లింట్లో పట్టింపు. అందుకని ఒక్క ఫోటో కూడా లేదు.

నేను తిరిగి వెళ్లాక గంగారాం అడిగింది ఒక్కటే, ఎలా ఉన్నాడని. చెప్పాను. నుదురు నీదే అన్నాను. మళ్లీ వారం మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఇద్దరం మన దేశంలోనే, వేరువేరు ఊళ్లలో ఉన్నాం. అతనికి తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెద్దవాళ్లవుతున్నారు. అయినా ఏడాదికోసారి, దసరా ముందర, ఫోన్ చేస్తాడు. వానలు, పొలాలు అన్నీ అయ్యాక ఆ మాట దగ్గరికి వస్తాడు. అతనికి తెలుసేమోనని నా అనుమానం. తెలిసే ప్రతి ఏడాదీ నా చేత చెప్పిస్తున్నాడేమో. గొంతులో వెతుకుతాను, ఏమీ దొరకదు. నేను ఆ పిల్లవాణ్ని చూసింది పది నిమిషాలు. చెప్పగలిగినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు చెప్పేవాటిలో చూసినవెన్నో, కల్పించినవెన్నో నాకే తెలియదు. మొన్న ఫోన్లో, నవ్వాడు కూడా అన్నాను. నవ్వాడా? ఆరు రోజుల పిల్లవాడు.

గంగారాం మెల్లగా, “ఈ ముచ్చట ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదన్నా?” అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది, అంతకంటే ఏమీ మారలేదు. గంగారాం ఐదు టవర్లూ ఎక్కాడు. ఆ సెలవు అతనిది. ఆ పది నిమిషాలూ అతనివే, నేను తీసుకున్నాను.