గుండె గీతలు చదివే ఆవిడ

గుండె లయ తప్పే అరుదైన జబ్బుల మీద పరిశోధన చేసే ఆ విభాగంలో, వెలుతురు పడని మూల టెక్నీషియనమ్మ కుర్చీ ఉంటుంది. రోగులు ఒక రోజంతా ఛాతీకి తగిలించుకు తిరిగిన పెట్టెలోని రికార్డును కంప్యూటరు పది నిమిషాల్లో చదివేస్తుంది. ఆవిడ మాత్రం కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, చూపుడువేలు తెరకు ఆనీ ఆనకుండా జరుపుతూ మొత్తం చూస్తే గానీ సంతకం పెట్టదు.

ఆమధ్య కుట్టుపని చేసే ఒక అమ్మాయి వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్లు స్పృహ తప్పింది. పని ఎగ్గొట్టడానికి నాటకమని అత్తింటివాళ్లు తేల్చేశారట. తీసిన మూడింటిలో మొదటి రెండు రికార్డుల్లోనూ ఏమీ దొరకలేదు. "ఇంక ఈ కేసు తీసేద్దామండీ," అన్నాడు డాక్టరు. "మూడోది నేనింకా చూళ్లేదు సార్. సాయంత్రం దాకా ఆగండి," అని ఆవిడ భోజనం మాట మరిచి కూర్చుంది. రికార్డులో ఉదయం అయిదుంబావు దగ్గర వేలు ఆగింది. గుండె వరసగా పదకొండుసార్లు అదుపు తప్పి కొట్టుకుని, మళ్లీ దారికొచ్చింది. కంప్యూటరు దాన్ని ఒంటి కదలికగా కొట్టిపారేసింది. పెట్టె తగిలించుకున్న రోజు ఎప్పుడేమయిందో అమ్మాయి రాసిచ్చిన కాగితంలో మాత్రం ఆ వేళకు "అలారం మోగింది, కళ్లు తిరిగాయి" అని ఉంది. డాక్టరు రెండుసార్లు చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మర్నాడు ఆవిడ ఆ గీతలు చూపిస్తే అమ్మాయి వంగి చూసి అడిగింది. "అయితే నేను నటించలేదు కదండీ?"

"లేదమ్మా. దీనికి మందు కూడా ఉంది."

"మా అత్తగారికి చూపించాలి. ఒక కాపీ ఇస్తారా?"

ఆవిడ రెండు తీసింది. "రెండోది మీ ఆయనకివ్వు," అంది.