అమ్మమ్మ దొంగ గడువు

మా అమ్మమ్మ జీవితంలో ఒక్కటే అబద్ధం ఆడింది. కాకపోతే దాన్ని ఇరవై రెండేళ్లు ఆడింది.

విశ్వవిద్యాలయంలో పరిశోధన గ్రాంట్ల ఆఫీసు ఆవిడది. ప్రొఫెసర్లు రాసిన దరఖాస్తులు సరిచూసి, సంతకాలు పెట్టించి, గడువులోగా ఆన్‌లైన్లో పంపాలి. ఎంత పెద్ద చదువులు చదివినవాళ్లైనా గడువు ముంచుకొచ్చేదాకా కాగితం ముట్టరని తొలి ఏడాదే కనిపెట్టింది. పరీక్ష ముందు రోజు పుస్తకం తెరిచే ఆ జాతితో ఇంట్లోనూ ఆవిడకు అనుభవం ఉంది లెండి.

అందుకే తలుపు పక్క బోర్డు మీద అసలు గడువుకు రెండు రోజుల ముందు తేదీ రాసేది. అందరూ ఆ రోజే పడుతూ లేస్తూ వచ్చేవారు. మిగిలిన రెండు రోజుల్లో ఆవిడ తప్పులు దిద్ది, చేరని కాగితాలు చేర్చి తాపీగా పంపేది. ఒక్క దరఖాస్తూ తప్పలేదు. "ఆవిడ చేతిలో పెడితే చేరినట్టే" అనేవారు. అమ్మమ్మకున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

అసలు తేదీ తెలిసినవాడు ఒక్కడే, మొక్కల ప్రొఫెసర్. కుర్రతనంలో తొలి దరఖాస్తు రాయడం ఆవిడ బల్ల దగ్గరే నేర్చుకున్నాడు. "పిన్నీ" అని వరస కలిపాడు. ఒకసారి గడువు రోజున తల్లి ఆసుపత్రిలో ఉందని అతను అల్లాడుతుంటే అమ్మమ్మ జాలిపడి, "కంగారు పడకురా, ఇంకా రెండు రోజులుంది. ఎవరితోనూ అనకు" అంది.

"నీ మీద ఒట్టు పిన్నీ!"

ఆ ఒట్టు తొమ్మిదేళ్లు నిలిచింది. పోయినేడు అతను విభాగానికి పెద్దయ్యాడు. కింద వాళ్ల దగ్గర మంచివాడు అనిపించుకోవాలని కాఫీ గదిలో చెప్పేశాడు: "బోర్డు చూసి హడలిపోకండి. ముసలావిడ రెండు రోజులు మింగేస్తుంది."

ఈసారి అసలు గడువు పదిహేను. బోర్డు మీద పదమూడు. ఆ రోజు అమ్మమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది. పద్నాలుగూ అంతే. పదిహేను మధ్యాహ్నం ముప్పై మంది ఒక్కసారి మీద పడ్డారు. ఐదింటికి గడువు ముగిసేసరికి ఇరవై తొమ్మిదే వెళ్లాయి. వెళ్లకుండా మిగిలింది నీటి పరీక్షల ల్యాబు మేడమ్‌ది. ఆ గ్రాంటు మీదే నలుగురి ఉద్యోగాలు నడుస్తున్నాయి.

బోర్డు మీద తేదీయే తప్పని ఫిర్యాదు వెళ్లింది. డీన్ గారు అందరినీ పిలిపించారు.

"తప్పు తేదీ ఎందుకు రాశారమ్మా?"

"తప్పు తేదీ కాదండీ, ముందు తేదీ. అందరి మంచికే రాశాను." అంటూ అమ్మమ్మ మొక్కల ప్రొఫెసర్ వైపు చూసింది. తనకు తెలుసని వాడొక్కడు చెబితే చాలు.

అతను బల్ల మీది పెన్నును అటూ ఇటూ తిప్పాడు. "మాకీ సంగతే తెలీదు సార్. తెలిస్తే ఊరుకుంటామా?"

అమ్మమ్మ ఫోనులో తొమ్మిదేళ్ల మెసేజీలున్నాయి: "పిన్నీ, ఈసారి అసలుది ఎప్పుడు?" అని. ఫోను చేతిలోకి తీసుకుంది. మళ్లీ సంచిలో పెట్టేసింది.

ఇంటికొచ్చాక అమ్మ మండిపడింది. "చూపించొచ్చుగా! నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"నా మొహం చూసి అనుంటే చూపించేదాన్నే. బల్ల చూస్తూ అన్నాడు. వాడికింకా సిగ్గుందే."

పొడిచినవాడికి మంచివాడని సర్టిఫికెట్ కూడా ఈవిడే ఇస్తుంది! కానీ ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని ముద్ద కలిపీ కలిపీ తినకుండానే లేచింది.

ఉద్యోగం పోలేదు. మందలింపు లేఖ వచ్చింది. ఇకపై బోర్డు మీద డీన్ గారి ముద్రతో అసలు తేదీయే ఉండాలన్నారు.

తర్వాతి విడతలో అతను అమ్మమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిన్నీ, అసలుది ఎప్పుడు?"

"బోర్డు మీద ఉందండీ."

"అది అసలుదేనా?"

"ముద్ర ఉంది, చూసుకోండి."

"నన్ను 'అండీ' అంటావేంటి పిన్నీ?"

అమ్మమ్మ అతని భుజం మీదుగా చూసి, "తర్వాత ఎవరండీ?" అంది.

వెనకాల ఎవరూ లేరు. అయినా అతను పక్కకు జరిగాడు.